వీడియో బిట్‌రేట్‌కీ ఫైల్ సైజుకీ లెక్క: తరచుగా అడిగే ప్రశ్నలు

వీడియోలు ఎన్‌కోడ్ చేసేవాళ్లు, అంటే వాటిని కుదించి ఫైల్‌గా రాసేవాళ్లు, పదే పదే అడిగే ప్రశ్నలివి. దాదాపు అన్నింటి వెనకా ఉన్న చిక్కు ఒకటే. సైజు ఇంతే ఉండాలని మీరు చెప్తే నాణ్యత ఎన్‌కోడర్ చేతిలోకి పోతుంది. నాణ్యత ఇంత ఉండాలని చెప్తే సైజు దాని చేతిలోకి పోతుంది. రెండూ మన చేతిలోనే ఉంచుకోవడం కుదరదు. ఏది వదులుకుంటున్నారో ముందే తేల్చుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

బిట్‌రేట్ అంటే ఏమిటి?

ఒక సెకను వీడియోకి ఎన్ని బిట్లు ఖర్చవుతున్నాయో ఆ లెక్క. 5 ఎంబీపీఎస్ (సెకనుకి 5 మెగాబిట్లు) అంటే సెకనుకి 50 లక్షల బిట్లు. కేబీపీఎస్ అంటే సెకనుకి కిలోబిట్లు. ఇక్కడ కిలో అంటే కచ్చితంగా 1,000, మెగా అంటే కచ్చితంగా 10 లక్షలు. ఒక బైట్ అంటే 8 బిట్లు, కాబట్టి బిట్లకీ బైట్లకీ మధ్య 8 రెట్ల తేడా ఉంది. ఈ విషయంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి.

బిట్‌రేట్ తెలిస్తే ఫైల్ సైజు ఎలా కట్టాలి?

వీడియో బిట్‌రేట్, ఆడియో బిట్‌రేట్ కలపండి. వచ్చినదాన్ని నిడివి సెకన్లతో గుణించి 8తో భాగించండి. అంతే.

ఉదాహరణకి 10 నిమిషాల వీడియో, 5 ఎంబీపీఎస్ బొమ్మ, 128 కేబీపీఎస్ ధ్వని అనుకుందాం. మొత్తం 5.128 ఎంబీపీఎస్. 600 సెకన్లతో గుణిస్తే 3,076.8 మెగాబిట్లు. 8తో భాగిస్తే 384.6 మెగాబైట్లు (ఎంబీ).

నోటి లెక్కకి ఒక్క అంకె గుర్తుంటే చాలు: 1 ఎంబీపీఎస్ అంటే నిమిషానికి 7.5 ఎంబీ, గంటకి 450 ఎంబీ. 6 ఎంబీపీఎస్‌లో మూడు గంటల రికార్డింగ్ అంటే 6 × 450 × 3, అంటే 8.1 జీబీ. ఆడియో అదనం.

లెక్కలో 384.6 ఎంబీ వచ్చింది. విండోస్‌లో 366.8 చూపిస్తోంది. మిగతాది ఏమైంది?

ఏమీ కాలేదు. విండోస్ 1 ఎంబీ అంటే 10,48,576 బైట్లు అనుకుని భాగిస్తుంది, మనం 10 లక్షలతో భాగించాం. ఎంబీల దగ్గర ఈ తేడా ఐదు శాతం లోపు, జీబీల దగ్గర ఏడు శాతం దాటుతుంది. ఎవరైనా "100 ఎంబీ లోపు పంపండి" అన్నప్పుడు వాళ్లు ఏ లెక్కన అన్నారో తెలియకపోతే చిన్న లెక్కనే, అంటే 10 లక్షల బైట్ల లెక్కనే పట్టుకోండి. అప్పుడు ఎటు చూసినా లోపలే ఉంటారు.

1080పీ నుంచి 720పీకి తగ్గించాను. సైజు అస్సలు తగ్గలేదు. ఎందుకు?

బిట్‌రేట్ మార్చలేదు కాబట్టి. పైన సూత్రంలో రిజల్యూషన్ (బొమ్మలో ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయో చెప్పే 1080పీ, 720పీ లాంటి కొలత) అన్న మాటే లేదు, గమనించండి. 4 ఎంబీపీఎస్ పెట్టి చేసిన గంట వీడియో 480పీ అయినా 4కే అయినా దాదాపు 1.8 జీబీయే. ఎన్ని పిక్సెల్స్ ఉన్నా మీరిచ్చిన బిట్లే వాటి మధ్య పంచుతుంది ఎన్‌కోడర్. పిక్సెల్స్ తక్కువైతే ఒక్కోదానికి ఎక్కువ బిట్లు దక్కి బొమ్మ శుభ్రంగా వస్తుంది, ఎక్కువైతే పలచబడుతుంది.

రిజల్యూషన్ తగ్గిస్తే సైజు దానంతట అది తగ్గేది నాణ్యత మోడ్‌లో మాత్రమే, అంటే బిట్‌రేట్ బదులు నాణ్యత అంకె ఇచ్చే సీఆర్‌ఎఫ్‌తో ఎన్‌కోడ్ చేసినప్పుడు.

ఒకే బిట్‌రేట్‌లో ఒక వీడియో అద్దంలా ఉంటే ఇంకోటి చదరాలు చదరాలుగా ఎందుకు విరిగిపోతుంది?

దీనికి కాస్త లోపలికి దిగి చూడాలి. 1920 × 1080 ఫ్రేమ్‌ని మామూలు 8 బిట్ 4:2:0 రూపంలో (రంగుని వెలుగు కన్నా తక్కువ వివరంగా దాచే రూపం) కుదించకుండా రాస్తే సుమారు 31 లక్షల బైట్లు. సెకనుకి 30 ఫ్రేములంటే 746 ఎంబీపీఎస్. దాన్ని 5 ఎంబీపీఎస్‌లో పెట్టమంటున్నాం, అంటే దాదాపు 150వ వంతు. సగటున ఒక్కో ఫ్రేముకి దక్కేది 21 వేల బైట్ల లోపే.

ఇంత కుదింపు ఎలా సాధ్యమంటే, ఎన్‌కోడర్ ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాయదు. ఐ ఫ్రేము ఒక్కటే సొంతంగా నిలబడే పూర్తి బొమ్మ. పీ ఫ్రేము ముందున్న ఫ్రేములతో పోల్చి మారినంత మేరకే రాస్తుంది. బీ ఫ్రేము ముందూ వెనకా రెండువైపులా చూసి ఇంకా తక్కువలో సరిపెడుతుంది. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి వెనక గోడ కదలదు. ఆ గోడకి "పాతదే వాడు" అని ఒక్క మాట రాస్తే పని అయిపోతుంది, మిగిలిన బిట్లన్నీ పెదవులకీ కళ్లకీ వెళ్తాయి.

ఇప్పుడు వాన చూడండి. ప్రతి చుక్కా ప్రతి ఫ్రేములో కొత్త చోట ఉంటుంది. పాత ఫ్రేములో వెతికితే పోలినది దొరకదు. నీటి అలలు, గాలికి కదిలే ఆకులు, ఎగిరే రంగు కాగితాలు, జనం మధ్య తిరిగే కెమెరా, అన్నిటిదీ ఇదే కథ. ఎన్‌కోడర్‌కి బిట్లు చాలవు, సన్నని వివరాలను చెరిపేస్తుంది. అప్పుడు చదరాలు బయటపడతాయి.

తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో కంటికి సరిగా కనబడని గరుకుదనం కూడా ఎన్‌కోడర్ దృష్టిలో వానే. గోడ కదలకపోయినా దాని మీది నాయిస్ ప్రతి ఫ్రేములో మారుతుంది. అలాంటి వీడియోలకి ముందుగా పల్చటి డీనాయిస్ ఫిల్టర్ వేస్తే సైజు బాగా కలిసొస్తుంది. గట్టిగా వేశారో, మనుషుల చర్మం మైనంలా తయారవుతుంది.

సీబీఆర్, వీబీఆర్, సీఆర్‌ఎఫ్: వీటిలో ఏది వాడాలి?

ఫైల్‌ని దాచుకోవడానికో, మామూలుగా పంచుకోవడానికో అయితే సీఆర్‌ఎఫ్. ఇందులో మీరు బిట్‌రేట్ చెప్పరు, నాణ్యత అంకె చెప్తారు. తేలిక సన్నివేశాలకి తక్కువ, కష్టమైనవాటికి ఎక్కువ బిట్లు అదే చూసుకుంటుంది. సైజు చివరిదాకా తెలియదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఎన్‌కోడింగ్ ప్రోగ్రాంలో ఆర్‌ఎఫ్ అని కనిపించే స్లైడర్ ఇదే.

సైజుకి గట్టి పరిమితి ఉంటే వీబీఆర్ (సన్నివేశాన్ని బట్టి మారే బిట్‌రేట్), అందులోనూ రెండు పాస్‌ల సగటు బిట్‌రేట్. మొదటి పాస్‌లో వీడియో అంతా చదివి ఎక్కడ కష్టమో రాసిపెట్టుకుంటుంది, రెండో పాస్‌లో ఆ చిట్టా చూసి పంచుతుంది. సైజు అనుకున్నదానికి చాలా దగ్గరగా వస్తుంది. "రెండు పాస్‌లు చేస్తే సీఆర్‌ఎఫ్ కన్నా నాణ్యత ఎక్కువ" అన్న మాట చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. ఒకే ఎన్‌కోడర్, ఒకే ప్రీసెట్‌తో (ఎన్‌కోడర్ ఎంత నెమ్మదిగా, శ్రద్ధగా పనిచేయాలో చెప్పే సెట్టింగ్) రెండు పద్ధతుల్లోనూ ఒకే సైజు ఫైల్ తయారైతే నాణ్యత దాదాపు సమానమే. రెండో పాస్ మనకిచ్చేది సైజు మీద పట్టు మాత్రమే.

లైవ్‌కి సీబీఆర్, అంటే ఎప్పుడూ ఒకేలా ఉండే బిట్‌రేట్. నెట్ కనెక్షన్ ఒక స్థాయి దాటి మోయలేదు కాబట్టి ఒక్కసారిగా ఎగబాకే బిట్‌రేట్ అక్కడ పనికిరాదు. నిశ్చలమైన దృశ్యానికి కూడా అన్నే బిట్లు ఖర్చవుతాయి, అది తప్పదు. దాచుకునే ఫైల్‌కి సీబీఆర్ వాడటం మాత్రం దండగ.

మధ్యేమార్గం ఒకటుంది: సీఆర్‌ఎఫ్ పెట్టి, పైన గరిష్ఠ బిట్‌రేట్ హద్దు, బఫర్ సైజు (ఆ హద్దుని ఎంత డేటా మేరకి లెక్కించాలో చెప్పే అంకె) కూడా ఇవ్వడం. ఉదాహరణకి గరిష్ఠం 6 ఎంబీపీఎస్, బఫర్ 12 మెగాబిట్లు. గరిష్ఠ బిట్‌రేట్ ఇచ్చి బఫర్ సైజు ఇవ్వకపోతే ఎక్స్264 (హెచ్.264 పద్ధతిలో కుదించే ఎన్‌కోడర్) ఆ హద్దుని పట్టించుకోదు. నెట్‌లో ప్లే అయ్యే ఫైళ్లకి మేం సిఫారసు చేసేది ఇదే.

సీఆర్‌ఎఫ్ అంకె ఎంత పెట్టాలి?

ఎక్స్264లో డిఫాల్ట్ 23, ఎక్స్265లో (హెచ్.265 ఎన్‌కోడర్) 28. అంకె తగ్గితే నాణ్యతా సైజూ పెరుగుతాయి. 6 తగ్గిస్తే సైజు సుమారు రెట్టింపు, 6 పెంచితే సుమారు సగం. ఎక్స్264కి 18 నుంచి 23 మధ్య చాలామందికి సరిపోతుంది. 18 కంటే కిందకి దిగితే ఫైల్ ఉబ్బుతుంది తప్ప కంటికి తేడా తెలియడం కష్టం. ఒక ఎన్‌కోడర్ అంకెని ఇంకోదానికి అతికించకండి. ఎక్స్265లో 23 వేరు, ఏవీ1 (ఇంకో కొత్త కుదింపు పద్ధతి) ఎన్‌కోడర్లలో 23 వేరు. ఏవీ1లో కొలబద్దే 63 దాకా ఉంటుంది.

47 నిమిషాల వీడియో 500 ఎంబీ దాటకూడదు. అడుగడుగునా ఎలా చేయాలి?

ముందు మొత్తం బిట్‌రేట్. 47 నిమిషాలంటే 2,820 సెకన్లు. 500 ఎంబీ అంటే 40 లక్షల కిలోబిట్లు. భాగిస్తే 1,418 కేబీపీఎస్. అందులో ఆడియోకి 128 తీసేస్తే 1,290. కంటైనర్ (బొమ్మనీ ధ్వనినీ కలిపి ఉంచే ఎంపీ4, ఎంకేవీ లాంటి ఫైల్ రూపం) అదనపు ఖర్చుకీ, చిన్నా చితకా తేడాలకీ రెండు శాతం వదిలేయండి. చేతిలో మిగిలేది 1,260.

తర్వాత, ఈ బిట్‌రేట్ ఏ రిజల్యూషన్‌ని మోయగలదో చూడాలి. చాలామంది ఈ అడుగు దాటేస్తారు, తర్వాత బొమ్మ బాగాలేదని బాధపడతారు. బిట్‌రేట్‌ని వెడల్పు × ఎత్తు × సెకనుకి ఫ్రేములతో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎన్ని బిట్లో వస్తుంది. 25 ఫ్రేముల వీడియోకి 1080పీలో 0.024, 720పీలో 0.055, 854 × 480లో 0.123. హెచ్.264కి 0.1 దగ్గరుంటే నిశ్చింత. 0.05 దగ్గర మాట్లాడే మనుషుల వీడియో నెట్టుకొస్తుంది, ఆటల పోటీ నెట్టుకురాదు. 0.024 దగ్గర హెచ్.264 చేతులెత్తేస్తుంది. కాబట్టి ఇది పాఠమో ఇంటర్వ్యూనో అయితే 720పీ, పరుగులూ జనమూ ఉన్న వీడియో అయితే 480పీ. ఇది అంచనా కొలతే. రిజల్యూషన్ పెరిగేకొద్దీ పిక్సెల్‌కి కావలసిన బిట్లు కొంత తగ్గుతాయి.

హ్యాండ్‌బ్రేక్‌లో అయితే వీడియో ట్యాబ్‌లో సగటు బిట్‌రేట్ ఎంచుకుని 1260 రాసి, ఒకటికి మించి పాస్‌లు చేసే టిక్కు పెట్టండి. డైమెన్షన్స్‌లో రిజల్యూషన్ మార్చండి. ఆడియో ట్యాబ్‌లో ఏఏసీ (ఆడియో కుదింపు పద్ధతి) 128 ఉంచి, అక్కర్లేని ట్రాకులు తీసేయండి.

కమాండ్లతో నడిచే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాంతో చేస్తే మూడు జాగ్రత్తలు. రెండు పాస్‌లలోనూ బిట్‌రేట్, ప్రీసెట్, స్కేల్ ఫిల్టర్ ఒక్కలాగే ఉండాలి. రెండు కమాండ్లూ ఒకే ఫోల్డర్‌లో నడపాలి, లేకపోతే మొదటి పాస్ రాసిన చిట్టా రెండోదానికి దొరకదు. ఇక 1260 పక్కన కే అక్షరం మర్చిపోకండి. మర్చిపోతే అది సెకనుకి 1,260 బిట్లు అని అర్థం చేసుకుంటుంది, బొమ్మ గుర్తుపట్టలేని మసకగా వస్తుంది.

5 ఎంబీపీఎస్ అడిగితే 2 మాత్రమే వచ్చింది. ఎన్‌కోడర్ మోసం చేసిందా?

లేదు, ఖర్చు పెట్టడానికి చోటు దొరకలేదు. స్లైడ్ల వీడియో, స్క్రీన్ రికార్డింగ్ లాంటివాటిలో బొమ్మ నిమిషాల తరబడి కదలదు. ఇక మెరుగుపరచడానికేమీ లేనప్పుడు ఎన్‌కోడర్ తక్కువలోనే ఆగిపోతుంది. చిన్న ఫైల్ చేతికొచ్చింది, సంతోషించండి.

అడిగినదానికంటే ఎక్కువ వస్తే?

వరసగా ఇవి చూడండి. ఆడియో కుదించకుండా ఉండిపోయిందా? రెండో భాషా ట్రాకు ఉందా? అరనిమిషం క్లిప్‌ని ఒకే పాస్‌లో చేశారా? ఒకే పాస్‌కి సగటు సర్దుకోవడానికి సమయం కావాలి, చిన్న క్లిప్‌లో ఆ సమయం ఉండదు. ఫైల్ టీఎస్ (.ts) కంటైనరా? అందులో ప్రతి 188 బైట్ల ప్యాకెట్‌లో కనీసం 4 బైట్లు తలకట్టుకే పోతాయి, పైన ఖాళీ నింపుడు వేరే. ఎంపీ4, ఎంకేవీల్లో మామూలు బిట్‌రేట్ల దగ్గర ఈ ఖర్చు సాధారణంగా ఒక శాతం లోపే.

కోడెక్ (కుదింపు పద్ధతి) మారిస్తే సైజు తగ్గుతుందా?

ఒకే బిట్‌రేట్ ఉంచితే తగ్గదు, నాణ్యత పెరుగుతుంది. నాణ్యత అలాగే చాలనుకుంటే బిట్‌రేట్‌ని మీరే తగ్గించుకోవాలి. 2003లో వచ్చిన హెచ్.264తో పోలిస్తే అదే నాణ్యత సగం బిట్‌రేట్‌లో ఇవ్వాలన్నది 2013 నాటి హెచ్.265 లక్ష్యం. రోజువారీ వాడకంలో 30 నుంచి 50 శాతం ఆదా అనుకుని లెక్క వేసుకోవచ్చు. 2018లో వచ్చిన ఏవీ1 ఇంకా పొదుపు. కానీ ఎన్‌కోడింగ్‌కి పట్టే సమయం పెరుగుతుంది, పాత టీవీలూ ఫోన్లూ వీటిని ప్లే చేయలేకపోవచ్చు. ఎవరు ఏ పరికరంలో చూస్తారో తెలియనప్పుడు హెచ్.264 ఎంపీ4 పంపడమే క్షేమం.

ప్రీసెట్ నెమ్మదిగా పెడితే ఫైల్ చిన్నదవుతుందా?

బిట్‌రేట్ మోడ్‌లో సైజు మారదు, బొమ్మ బాగుపడుతుంది. సీఆర్‌ఎఫ్‌లో సైజు మారుతుంది. ముఖ్యంగా ఎక్స్264 అల్ట్రాఫాస్ట్‌లో బీ ఫ్రేములు, కాబాక్ (బిట్లని ఇంకా బిగించి రాసే పద్ధతి) రెండూ ఆగిపోతాయి కాబట్టి ఫైల్ బాగా ఉబ్బుతుంది. ప్రీసెట్ మార్చాక అదే సీఆర్‌ఎఫ్ అంకెకి సరిగ్గా అదే నాణ్యత వస్తుందనుకోవద్దు. ముందు ప్రీసెట్ తేల్చుకుని, ఆ తర్వాతే అంకె ఎంచుకోండి. మీడియం లేదా స్లో చాలు. వెరీస్లోలో పట్టే సమయానికి దక్కే లాభం తక్కువ.

ఎన్‌వెంక్, క్విక్ సింక్ లాంటి హార్డ్‌వేర్ ఎన్‌కోడర్లు చాలా వేగం. అయితే అంతే నాణ్యతకి నెమ్మది సాఫ్ట్‌వేర్ ప్రీసెట్ కంటే సాధారణంగా ఎక్కువ బిట్లు అడుగుతాయి. రికార్డింగ్‌కి అవి, దాచుకోవడానికి సాఫ్ట్‌వేర్.

సైజులో ఆడియో వాటా ఎంత?

128 కేబీపీఎస్ ఏఏసీ నిమిషానికి 0.96 ఎంబీ. వీడియో 5 ఎంబీపీఎస్ ఉన్నప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. వీడియోని 500 కేబీపీఎస్‌కి దింపినప్పుడు మాత్రం అదే ఐదో వంతవుతుంది. అప్పుడు మాటలే ఉన్న వీడియోకి ఆడియోని మోనోలో 64కి తగ్గించండి. కెమెరాల్లోంచి వచ్చే కుదించని పీసీఎమ్, 48 కిలోహెర్ట్జ్ 16 బిట్ స్టీరియో అయితే, 1,536 కేబీపీఎస్. నిమిషానికి పదకొండున్నర ఎంబీ ధ్వనికే పోతుంది.

పాత 2 ఎంబీపీఎస్ వీడియోని 10కి పెంచి ఎన్‌కోడ్ చేస్తే స్పష్టత వస్తుందా?

రాదు. ఫైల్ ఐదు రెట్లవుతుంది, పోయిన వివరాలు తిరిగి రావు. ఉన్న చదరాలనే ఇంకా శ్రద్ధగా దాచిపెడుతుంది. పైగా ప్రతి మారు ఎన్‌కోడింగ్‌లోనూ కొంత పోతుంది. అందుకే ఎప్పుడూ అసలు ఫైల్ నుంచే మొదలుపెట్టండి.

60 ఫ్రేములకి బిట్‌రేట్ రెట్టింపు చేయాలా?

అక్కర్లేదు. పక్క పక్క ఫ్రేముల మధ్య తేడా తగ్గుతుంది కాబట్టి 30 ఫ్రేములకి ఇచ్చినదానికి ఒకటిన్నర రెట్లు చాలు. అప్‌లోడ్‌కి యూట్యూబ్ సూచించేదీ ఆ నిష్పత్తిలోనే ఉంది: 1080పీ మామూలు వీడియోకి 8 ఎంబీపీఎస్, 60 ఫ్రేములకి 12. అక్కడ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు కాబట్టి ఆ అంకెల కంటే కొంచెం పైనే పంపడం మంచిది.

ఎంకేవీని ఎంపీ4కి మార్చినా, జిప్ చేసినా సైజు తగ్గుతుందా?

రెండిటికీ తగ్గదు. కంటైనర్ మార్చడమంటే అదే సరుకుని వేరే డబ్బాలో పెట్టడం. జిప్‌కి దొరికే మిగులునంతా కోడెక్ ముందే పిండేసింది.

పెన్‌డ్రైవ్‌లో ఖాళీ ఉన్నా వీడియో కాపీ అవట్లేదు.

డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. అందులో ఒక ఫైల్ 4,29,49,67,295 బైట్లు దాటకూడదు. మొత్తం 10 ఎంబీపీఎస్ వీడియో 57 నిమిషాలకి ఆ హద్దు తాకుతుంది, 100 ఎంబీపీఎస్ కెమెరా ఫుటేజి ఆరు నిమిషాల లోపే. డ్రైవ్‌లో ఉన్నవి వేరే చోట దాచి, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. చూపించే టీవీ ఎక్స్‌ఫ్యాట్‌ని చదవదంటే బిట్‌రేట్ తగ్గించక తప్పదు.

బిట్‌రేట్ చాలినంత ఉన్నా చీకటి సన్నివేశాల్లో పట్టీలు కనిపిస్తున్నాయి.

చీకటి గదిలో దీపం వెనక గోడని ఆపి చూడండి. వెలుగు మెల్లగా తగ్గాల్సిన చోట మెట్లు మెట్లుగా దిగుతుంది. 8 బిట్‌లో చీకటి వైపు ఉన్న మెట్లే తక్కువ, ఎన్‌కోడర్ వాటి మధ్యనున్న సన్నని గరుకుని చెరిపేసరికి అంచులు బయటపడతాయి. బిట్‌రేట్ పెంచితే కొంతే మేలు. హెచ్.265 లేదా ఏవీ1ని 10 బిట్‌లో చేస్తే పట్టీలు బాగా తగ్గుతాయి, మూలం 8 బిట్ అయినా సరే. దానికి సైజు దాదాపు పెరగదు.

సీఆర్‌ఎఫ్‌లో మొత్తం ఎన్‌కోడ్ చేయకముందే సైజు అంచనా వేయొచ్చా?

వేయొచ్చు. వీడియోలో మూడు చోట్ల నుంచి ఒక్కో నిమిషం తీసుకోండి: ఒకటి నెమ్మదైనది, ఒకటి మామూలుది, ఒకటి బాగా కదలికలున్నది. అనుకున్న ప్రీసెట్, సీఆర్‌ఎఫ్‌తోనే వాటిని ఎన్‌కోడ్ చేయండి. 14, 22, 31 ఎంబీ వచ్చాయనుకుందాం. సగటు 22.3. 90 నిమిషాల వీడియోకి సుమారు 2 జీబీ. వీడియోలో కదలికలే ఎక్కువైతే మూడో అంకె వైపు మొగ్గండి. మొదట్లో వచ్చే టైటిళ్ల నిమిషాన్ని మాత్రం నమూనాకి తీసుకోకండి, నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు ఎప్పుడూ చవగ్గానే తేలతాయి.

తయారైన ఫైల్‌ని మీడియాఇన్ఫో అనే ప్రోగ్రాంలో తెరిచి వీడియో, ఆడియో బిట్‌రేట్లు విడివిడిగా చూసుకోండి. పైన జనరల్ కింద కనిపించే అంకె అన్ని ట్రాకుల మొత్తం. సూత్రంలో దాన్ని పెడితే ఆడియోని మళ్లీ కలపనక్కర్లేదు.